పికాసో ఊరూ... మా అటక మీది ట్రంకు పెట్టె!

సినిమా పత్రికలో పికాసో ఏమిటి, స్పెయిన్ ఏమిటి, మధ్యలో ఈ మనుబోలు ఏమిటి అని అప్పుడే మొహం చిట్లించకండి. కాస్త ఓపిక పట్టండి. ఆత్రేయ గారు వస్తారు, రమణారెడ్డి గారు వస్తారు, బాలు గారు వస్తారు, 'ఆదిత్య 369' కూడా వస్తుంది. కాకపోతే వాళ్ళకన్నా ముందు నేను చేసిన ఒక నేరం ఒప్పుకోవాలి.

మా అమ్మ నాన్న, అంటే మా తాత, టూరింగ్ టాకీసులో ఆపరేటరు. గూడూరు చుట్టుపక్కల పల్లెల్లో డేరా ఎక్కడ వేస్తే అక్కడికి ప్రొజెక్టరు వెంట పోయేవాడు. మిషను ఒక్కటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వేసి ఇంటర్వెల్ ఇచ్చేవాళ్ళట! ఆయన పోయాక ఒక ట్రంకు పెట్టె మిగిలింది. నిండా పాటల పుస్తకాలు, రంగు కాగితాల మీద అచ్చేసిన కరపత్రాలు, హాలు ముందు అద్దాల పెట్టెలో తగిలించే ఫోటోలు, తెగిపోయిన ఫిలిం ముక్కలు. చాలా ఏళ్ళు ఆ పెట్టె మా మనుబోలు ఇంట్లో అటక మీద నిద్రపోయింది.

ఆరేళ్ళ కిందట ఇంటికి సున్నం కొట్టించాం. అటక దులపాలి. సరిగ్గా అప్పుడే పాత పేపర్ల అతను వీధిలో కేక వేశాడు. ఇంకేం! పెట్టె దించాను. తక్కెట్లో వేసి తూచాడు. కిలో 12 రూపాయలు. మొత్తం 14 కిలోలు. చేతికి 168 రూపాయలు వచ్చాయి. ఆ సాయంత్రమే నెల్లూరు పోయి ఆ డబ్బుతో సినిమా చూసి వచ్చాను. ఏ సినిమానో ఇప్పుడు గుర్తు కూడా లేదు!

మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు వచ్చాడు. డిగ్రీ కుర్రాడు. సినిమా పిచ్చి నాకన్నా రెండాకులు ఎక్కువే. "మామా, ఆత్రేయ గారిది మన సూళ్లూరుపేట పక్కనేనంట గదా! తాత పెట్టెలో ఆయన పాటల పుస్తకాలు ఉండేవంట గదా! యాడుంది ఆ పెట్టె?" అన్నాడు.

నేను అమ్మ వంక చూశాను. అమ్మ నా వంక చూసింది. "మీ మామ తూకానికేసేసినాడురా" అంది.

వాడు ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

సూర్యతీరం కథ

ఆ రాత్రి వాడు ఫోనులో ఏదో చూస్తూ, "మామా, ఇది చూడు" అని పిలిచాడు. స్పెయిన్ దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డున మాలగా అనే ఊరు. ఆ తీరానికి 'కోస్తా దెల్ సోల్' అని పేరు. సోల్ అంటే సూర్యుడు, కోస్తా అంటే తీరం. మనం కోస్తా జిల్లాలు అంటామే, వాళ్ళూ తీరాన్ని కోస్తా అనే అంటారు! సంవత్సరం పొడుగునా ఎండ కాసే చోటు. చలిదేశాల వాళ్ళు విమానాలెక్కి దిగుతారు, ఇసుకలో పడుకుంటారు, కాస్త నల్లబడి ఆనందంగా ఇంటికి పోతారు. 1950ల చివర్నుంచీ అక్కడ హోటళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి.

అయితే వచ్చినవాళ్ళు చాలామంది మాలగాలో విమానం దిగి, తిన్నగా తొర్రెమోలినోస్‌కో మార్బెయ్యాకో పోయేవాళ్ళు. మాలగా అంటే దిగే చోటే గాని చూసే చోటు కాదు. మా మనుబోలు కూడా అంతే కదండీ! నేషనల్ హైవే మా పక్కనుంచే పోతుంది. మద్రాసు నుంచి బెజవాడ పోయే రైలు మా ఊరి మీదుగానే పోతుంది. గూడూరుకూ మాకూ నడుమ రైలు మీద రైలు పోయేలా 2 కిలోమీటర్లకు పైగా పొడుగున్న వంతెన కూడా కట్టారు. పోయేవాళ్ళు పోతూనే ఉంటారు. దిగేవాళ్ళే తక్కువ!

ఇంతకీ ఆ మాలగాలో 1881 అక్టోబరు 25న ఒక కుర్రాడు పుట్టాడు. పాబ్లో పికాసో. తండ్రి డ్రాయింగు మాస్టారు. పావురాల బొమ్మలు వేయడంలో చెయ్యి తిరిగినవాడు. పాబ్లోకి పదేళ్ళు వచ్చేసరికి, 1891లో, తండ్రికి వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికి ఆ కుటుంబం మాలగా వదిలిపోయింది. ఆ తర్వాత సెలవులకు నాలుగైదు సార్లు వచ్చాడేమో, అంతే. లోకమంతా మెచ్చిన చిత్రకారుడయ్యాడు, ఫ్రాన్సులో ఉండిపోయాడు, 1973లో అక్కడే కన్నుమూశాడు.

మరి పుట్టిన ఊరికి ఏం మిగిలింది? పుట్టిన ఇల్లు మిగిలింది. బొమ్మలు మాత్రం పారిస్‌లో, బార్సిలోనాలో, న్యూయార్కులో ఉన్నాయి.

1953లో మాలగాలో కళల శాఖ చూసే హువాన్ తెంబోరీ అనే ఆయన, మా ఊళ్ళో మీ బొమ్మలు పెడతాం, ఇప్పించండని పికాసోని అడిగించాడు. అప్పుడు స్పెయిన్‌ను ఏలుతున్నది నియంత ఫ్రాంకో. పికాసోకూ ఆయనకూ ఉప్పూ నిప్పూ. పని జరగలేదు. సినిమా భాషలో చెప్పాలంటే ముహూర్తం షాటుతోనే పిక్చరు ఆగిపోయింది!

కానీ ఆ మాట పోలేదు. పికాసో కోడలు క్రిస్తీన్ ఆ కోరికను గుర్తుపెట్టుకుంది. 1990లలో ఆవిడ మళ్ళీ కదిలించింది. ఆవిడా, ఆవిడ కొడుకు బెర్నార్డూ తమ సొంత బొమ్మలు ఇచ్చారు. 2003 అక్టోబరులో, ఊరి నడిబొడ్డున ఒక పాత భవంతిలో పికాసో మ్యూజియం తెరుచుకుంది. అడిగిన యాభై ఏళ్ళకు! ఇంకో తమాషా ఏమిటంటే, ఆ భవంతి బాగుచేస్తూ తవ్వితే కింద రోమన్ల నాటి కట్టడాలు, వాళ్ళకన్నా ముందరి ఫినీషియన్ల గోడలు బయటపడ్డాయి. వాటినీ దాచిపెట్టి, కింది అంతస్తులో జనానికి చూపిస్తున్నారు.

ఇక అక్కణ్ణించి వరస కట్టాయి. 2011లో కార్మెన్ తీసెన్ మ్యూజియం వచ్చింది. 2015లో పారిస్ పాంపిడూ సెంటరుకు ఇక్కడ ఒక శాఖ, ఓడరేవు పక్కనే, రంగురంగుల గాజు పెట్టెతో! పాత పొగాకు ఫ్యాక్టరీలో మోటారు కార్ల మ్యూజియం. ఇసుక కోసం వచ్చినవాళ్ళు ఇప్పుడు టిక్కెట్టు కొని బొమ్మలు చూస్తున్నారు.

సినిమా వాళ్ళ సంగతా? 'మాస్క్ ఆఫ్ జోరో' హీరో అంతోనియో బందేరాస్‌ది మాలగాయే. హాలీవుడ్ దాకా పోయి, 2018లో టెలివిజన్ సీరియల్‌లో పికాసో వేషం వేశాడు. 2019లో సొంత ఊళ్ళో నాటకశాల తెరిచాడు. 1998 నుంచీ ఆ ఊళ్ళో స్పానిష్ సినిమాల పండుగ ఏటా జరుగుతోంది.

ఇవన్నీ చదివి మావాడు ఒకటే మాట అన్నాడు. "అడిగినవాడు ఒకడు, దాచినవాళ్ళు ఇద్దరు. అంతేగదా మామా!"

అంతే! అడిగేవాళ్ళు, దాచేవాళ్ళు, దాచింది ఇచ్చేవాళ్ళు. ఈ ముగ్గురూ కలిస్తే మ్యూజియం. ముగ్గురిలో ఒకరు తప్పుకున్నా ఖాళీ గోడలే. మా ఇంట్లో దాచే డ్యూటీ నాది. నేను 168 రూపాయలకు తప్పుకున్నాను.

"సరే, రేపు బయల్దేరు. మన కోస్తాలో ఏముందో చూసొద్దాం" అన్నాను. చేసిన తప్పుకు తిరగడమే ప్రాయశ్చిత్తం అనుకున్నాను.

మొదటి మజిలీ: సూళ్లూరుపేట

పొద్దున్నే ప్యాసింజరెక్కాం. గూడూరు దాటాక నాయుడుపేట, తర్వాత సూళ్లూరుపేట. ఒకప్పుడు నెల్లూరు జిల్లా అంటే ఇదంతా కలిపే. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారితే మాత్రం మనుషులు మారతారా!

స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర మావాడు అడిగాడు. "అన్నా, మంగళంపాడు యాడ?"

"ఆత్రేయ ఊరా?" అన్నాడు టీ కొట్టాయన. మావాడి మొహం వెలిగిపోయింది!

1921 మే 7న మంగళంపాడులో పుట్టిన కిళాంబి వెంకట నరసింహాచార్యులే మన ఆచార్య ఆత్రేయ. మొదట నాటకాలు రాశారు. చాలీచాలని జీతంతో నలిగిపోయే గుమాస్తా బతుకు మీద 'ఎన్.జి.ఓ.' నాటకం రాసి ఊళ్ళు కదిలించారు. 1951లో 'దీక్ష'తో సినిమా పాటలు మొదలుపెట్టారు. 1961లో 'వాగ్దానం' డైరెక్ట్ చేశారు. 1989లో పోయేదాకా తెలుగువాడు ప్రేమించినా, ప్రేమ విఫలమైనా ఆయన పాటే పాడుకున్నాడు. మనసు కవి అని ఊరికే అన్నారా!

ఈ సూళ్లూరుపేటకే ఇంకో పెద్దాయనతో చుట్టరికం ఉంది. సినిమాల్లోకి రాకముందు ఇక్కడ బడి పంతులుగా పనిచేసి, పిల్లల చేత నాటకాలు వేయించారు. ఎవరో చెప్పుకోండి చూద్దాం? సింగీతం శ్రీనివాసరావు గారు! మాట లేకుండా 'పుష్పక విమానం' నడిపించిన మనిషి ఒకప్పుడు ఇక్కడ పాఠాలు చెప్పి గొంతు అరగదీసుకున్నారన్నమాట. ఆయన కథ చివర్లో మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక్కణ్ణించి తూర్పుకు పోతే పులికాట్ సరస్సు. ఆ సరస్సు నడుమ వేసిన రోడ్డు మీద పోతే శ్రీహరికోట. చలికాలంలో దారికి అటూ ఇటూ నీళ్ళలో రాజహంసలు. దగ్గర్లోనే నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద కాపరాలు పెడతాయి. ఈ పక్షుల పేరు మీద 2001లో ఫ్లెమింగో పండుగ మొదలుపెట్టారు. శ్రీహరికోటలో అంతరిక్ష మ్యూజియం ఉంది. రాకెట్టు ఎగరడం చూడ్డానికి 2019 మార్చి 31న గ్యాలరీ తెరిచారు. సుమారు 5,000 మంది కూర్చోవచ్చు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు పట్టుకుపోవాలి. ఫస్ట్ డే ఫస్ట్ షోకి తోసుకున్నట్టు తోసుకుంటే కుదరదు! ఒక్కటే షో, రీటేకులు ఉండవు.

సినిమా పిచ్చివాళ్ళకు ఇక్కడే ఇంకో ఆకర్షణ ఉంది. హైవే పక్కన వి ఎపిక్ థియేటరు. 2019 ఆగస్టులో 'సాహో'తో మొదలైంది. తెర వెడల్పు 100 అడుగుల పైచిలుకు! ఆ తెర చూశాక మావాడు నోరు తెరిచి మూయలేదు. "తాత డేరాలో తెర ఎంత ఉండేదో మామా?" అన్నాడు. నాకేం తెలుసు! చెప్పగలిగిన కాగితాలు నేను కిలోల లెక్కన అమ్మేశానాయె.

రెండో మజిలీ: మద్రాసులో మన కృష్ణుడు

సూళ్లూరుపేట నుంచి మద్రాసుకు లోకల్ రైలు నడుస్తుంది. మద్రాసులో దిగి ఎగ్మూరు పోయాం. ఇప్పుడు చెన్నై అనాలి, నిజమే. కానీ మా నెల్లూరు వాళ్ళ నోటికి మద్రాసే వస్తుంది! ఎగ్మూరు స్టేషనుకు దగ్గర్లో, పాంథియన్ రోడ్డులో ప్రభుత్వ మ్యూజియం. 1851లో పెట్టింది. వారంలో ఒక రోజు సెలవు. తెలీక పోయారో, వాచ్‌మన్‌తో కబుర్లు చెప్పి రావాల్సిందే.

ఎందుకు పోయామంటే, అక్కడ మా జిల్లా నుంచి వచ్చిన ఒక బాలకృష్ణుడు ఉన్నాడు. ఈయన ప్రయాణం ఏ సినిమా కథకూ తీసిపోదు. నెల్లూరికి పడమర ఉదయగిరి కోట. అప్పుడది ఒరిస్సా గజపతుల చేతిలో ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో వచ్చి ముట్టడి వేశాడు. కొండ మీద కోట, ఎక్కడానికి దారి లేదు. రాళ్ళు కొట్టించి దారులు చేయించాడు. ఏడాదికి పైగా పోరాడితే 1514లో గానీ కోట లొంగలేదు. గెలిచిన రాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయాడు. దానికోసమే హంపిలో కృష్ణాలయం కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించాడు. ఆ తర్వాత 1565లో విజయనగరం పాడైంది. దెబ్బతిన్న ఆ విగ్రహం చివరికి మద్రాసు మ్యూజియం చేరింది.

చూశారా! ఉదయగిరిలో పుట్టి, హంపిలో వెలిగి, మద్రాసులో స్థిరపడ్డాడు. మన సినిమా వాళ్ళు కూడా ఇట్లాగే కదూ? నెల్లూరులో పుట్టడం, రైలెక్కి మద్రాసు పోవడం! మన అమరావతి స్తూపం రాళ్ళు కూడా ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. ఆ శిల్పాల ముందు నిలబడితే కాళ్ళు కదలవు.

మావాడికి కోపం వచ్చింది. "మనవి మనకు ఇచ్చేయొచ్చు గదా!" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరో ఒకరు దాచబట్టి ఈ రాళ్ళు ఉన్నాయి. నా చేతిలో పడి ఉంటే తూకానికి పోయేవేమో! మనకు కావాలి అని అడిగేముందు, మన దగ్గర ఉన్నది దాచి చూపించాలి కదా!

మూడో మజిలీ: నెల్లూరు

మర్నాడు నెల్లూరు. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి గాలిగోపురం నీడలో కాసేపు కూర్చున్నాం. తిక్కన గారు భారతం రాసిన కాలం నుంచీ మాటకారితనం ఈ ఊరి సొత్తు. సినిమాల్లోకి కూడా అదే దారిన పోయింది.

లెక్క పెట్టండి. 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' (1960) తీసిన పి. పుల్లయ్య గారు నెల్లూరు వాళ్ళు. 'ప్రేమ్‌నగర్'తో కుర్రకారును పడగొట్టిన వాణిశ్రీ గారు నెల్లూరు ఆడపడుచు. విలన్ అంటే ఇట్లా ఉండాలని చూపించిన రాజనాల గారిది కావలి. ఇక తిక్కవరపు వెంకట రమణారెడ్డి గారిది జగదేవిపేట. నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసి, మద్రాసు పోయి 'మాయాబజార్'లో చిన్నమయ్య అయ్యారు, 'గుండమ్మ కథ'లో ఘంటయ్య అయ్యారు. సన్నగా గడకర్రలాగా ఉండి, నడిచి వస్తేనే హాలంతా నవ్వేది. ఆయనకు ఇంద్రజాలం కూడా వచ్చు తెలుసా! మ్యాజిక్ ప్రదర్శనలు ఇచ్చేవారు.

మరి బాలు గారు? తండ్రి సాంబమూర్తి గారు నెల్లూరులో హరికథలు చెప్పేవారు. కొడుకు ఇంజనీరు కావాలనుకుంటే పాట ఎత్తుకుపోయింది! 1966 డిసెంబరులో మొదటి సినిమా పాట రికార్డింగు. 2020 సెప్టెంబరు 25న ఆ గొంతు ఆగిపోయింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే, నెల్లూరులో తాము పెరిగిన ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. తండ్రి పేరు నిలవాలని ఆయన కోరిక. ఆయన పోయాక, 2020 నవంబరులో, నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది. పిల్లలు సరిగమలు నేర్చుకునే చోట బాలు పేరు! ఇంతకన్నా మంచి గుర్తు ఏముంటుంది?

కానీ మావాడు ఊరుకోడు. "పేరు బాగుంది మామా. కానీ రమణారెడ్డి గారి ఫోటో, ఆత్రేయ గారి చేతిరాత, పుల్లయ్య గారి స్క్రిప్టు ఒకచోట చూడాలంటే యాడికి పోవాలి?"

వాడి ప్రశ్న మాలగా పెద్దమనిషి 1953లో అడిగిన ప్రశ్నే! తేడా ఏమిటంటే అది రాయని చేతులతో కాదు, పికాసోతోనే అడిగించాడు. మనవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఇక అడగాల్సింది వాళ్ళ సామాన్లు, వాళ్ళ పుస్తకాలు ఉన్న ఇళ్ళను. అంటే మిమ్మల్నీ నన్నూనూ!

సాయంత్రం మైపాడు బీచికి పోయాం. నెల్లూరికి పాతిక కిలోమీటర్ల లోపే. అలలు, చేపల వాసన, తడి ఇసుకలో గవ్వలు ఏరుకునే పిల్లలు. మాలగా ఇసుకకు మా ఇసుక ఏం తీసిపోలేదు. రాత్రి భోజనంలోకి చేపల పులుసు, పైన మలై కాజా. ఇది మాత్రం మ్యూజియంలో పెట్టే వస్తువు కాదు, వెంటనే తినేయాలి!

చివరి మజిలీ: ఉదయగిరి

ఉదయగిరి నెల్లూరికి సుమారు 100 కిలోమీటర్లు. బస్సులో నడుం విరిగింది, కానీ కొండ కనపడగానే మర్చిపోయాం. పైన పాడుబడిన గోడలు, బురుజులు, మసీదు, గుళ్ళు. కింద ఊళ్ళో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే ఇళ్ళు ఉన్నాయి. ఆడవాళ్ళు కూర్చుని అడవి కొయ్యను చిన్న ఉలితో చెక్కుతుంటే చెంచా పిడి మీద చేప దిగుతుంది, పువ్వు విచ్చుకుంటుంది. ఈ చెక్క పనికి ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. వెంకటగిరి జాందానీ చీరకు కూడా ఆ గుర్తింపు ఉంది. గరిటె తిప్పే చేతికి కళ అంటదని ఎవరన్నారండీ!

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి. సింగీతం గారు పుట్టింది ఈ ఉదయగిరిలోనే, 1931లో! ఆయన 1991లో తీసిన 'ఆదిత్య 369' కథ తెలుసుగా? మ్యూజియంలో చిక్కుకుపోయిన కుర్రాడు, రాయల కాలం నాటి వజ్రం దొంగతనం, కాలయంత్రం ఎక్కి రాయలవారి కొలువుకు ప్రయాణం. రాయలు గెలిచిన కొండ కింద పుట్టిన మనిషి, రాయలను మళ్ళీ తెర మీదికి తెచ్చాడన్నమాట! కావాలని కలిపారో, కాకతాళీయమో, కోట గుమ్మంలో నిలబడి తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

"కాలయంత్రం ఉంటే నువ్వు ఏ సంవత్సరానికి పోతావు మామా?" అన్నాడు మావాడు.

"ఆరేళ్ళు వెనక్కి. మా ఇంటి గుమ్మం దాకా. పాత పేపర్ల అతన్ని వెనక్కి పంపించేస్తాను."

ఈసారి వాడు నవ్వాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి!

విశ్రాంతి

ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోయింది. అన్నం వడ్డిస్తూ అమ్మ అంది, "ఒరే అబ్బయా, ఆ పెట్టెలోది ఒకటి నేను తీసి పెట్టుకున్యా. మా నాయనది గదా అని."

దేవుడి అలమరలో, పసుపు కుంకుమ డబ్బాల వెనక నుంచి గుడ్డలో చుట్టిన చిన్న గాజు పలక తీసింది. సినిమా మధ్యలో తెర మీద వేసే స్లైడు. నల్ల సిరాతో, వంకర టింకర అక్షరాలతో చేత్తో రాసింది ఒకే మాట: విశ్రాంతి. తాత రాతే! రీలు మార్చేటప్పుడల్లా ఆయన వేసింది ఇదే అయ్యుండాలి.

మావాడు దాన్ని ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకున్నాడు. ఎదురు గోడ మీద మసకగా నీడ పడింది. చాలాసేపు దించలేదు. తర్వాత ఒక కాగితం తెచ్చి తాత పేరు, ఊరు, పని, ఇది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అమ్మను అడిగి రాసుకుని, స్లైడుతో కలిపి మళ్ళీ అదే గుడ్డలో చుట్టాడు. మ్యూజియం వాళ్ళు ఇట్లాగే రాసిపెడతారట!

పాఠక మిత్రులారా! మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు సినిమాతో ముడిపడి ఉంటారు. గేటు దగ్గర టిక్కెట్టు చింపిన తాత, పాటల పుస్తకాలు దాచుకున్న అమ్మమ్మ, గోడలకు పోస్టర్లు అంటించిన బాబాయి. ఈ సెలవుల్లో ఒక్కసారి అటక ఎక్కండి. దొరికిన ఫోటో వెనక పెన్సిలుతో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని రాయండి. పాటల పుస్తకాలకు చెద పట్టకుండా వేపాకు వేసి, తడి తగలని చోట పెట్టండి. ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచండి. పెద్దవాళ్ళు ఉండగానే అడిగి వాళ్ళ మాటలు రికార్డు చేయండి. ఇంట్లో చోటు లేకపోతే ఊళ్ళో గ్రంథాలయాన్ని అడగండి, కాలేజీని అడగండి. పాత పేపర్ల అతను మంచివాడే, కానీ అతని దగ్గర ఒకటే తక్కెడ ఉంటుంది!

మాలగా వాళ్ళకు అడిగాక యాభై ఏళ్ళు పట్టింది. మన నెల్లూరు సీమలో అడిగేవాడు ఒకడు మా ఇంట్లోనే తయారయ్యాడు. దాచినావిడ మా అమ్మ. మా దగ్గర ఉన్నది ఒక్క గాజు పలకే. అయినా రేపు ఎవరైనా నెల్లూరులో ఒక గది తెరిచి మన సినిమా వాళ్ళ సామాను పెడతామంటే, మొట్టమొదట ఇచ్చేది మేమే.

దాని మీద రాసింది 'శుభం' కాదు కదా, 'విశ్రాంతి'! అంటే పిక్చరు ఇంకా ఉంది.